ల్యాప్‌టాప్ తోకలు

మొన్న ఇల్లు మారుతున్నప్పుడు అటక మీంచి ఓ అట్టపెట్టె దిగింది. పైన మా ఆవిడ చేతిరాతతో "ఇది పారెయ్యచ్చా?" అని రాసుంది. తెరిచి చూస్తే నా ఉద్యోగంలో మొదటి పదేళ్ళూ అందులోనే ఉన్నాయి. ఒక పీసీ కార్డు మోడెం, ఇనప తాడుకి కట్టిన తాళం, మూతలు పోయిన పెన్ డ్రైవులు నాలుగు, ఇంటర్నెట్టు కోసం కొన్న రెండు డేటా కార్డులు, ఒకవైపు రెండు మొనలున్న యూఎస్‌బీ కేబులు, దానికి తగిలించే 160 జీబీ హార్డ్ డిస్కు. ఒకప్పుడు ఇవన్నీ నా ల్యాప్‌టాప్‌కి తోకల్లా వేలాడినవే. ఇప్పుడు వాడే ల్యాప్‌టాప్‌కి ఛార్జరు తప్ప ఇంకో తోక లేదు.

పారేద్దామనే కూర్చున్నా గానీ, ఒక్కోటీ చేతిలోకి తీసుకుంటుంటే ప్రతిదానికీ ఓ కథ గుర్తొచ్చింది. అన్నీ కలిపి చూస్తే ల్యాప్‌టాప్ అనే వస్తువుకి పుట్టుకతో వచ్చిన మూడు లోట్లు కనిపిస్తాయి. ఇంట్లోంచి బయటికొస్తే నెట్ ఉండదు, ఎక్కడైనా పెడితే ఎవరైనా ఎత్తుకుపోతారు, ఎంత కొన్నా లోపల చోటు సరిపోదు. మూడింటికీ మూడు తోకలు. సరే, ఆ చరిత్రేంటో చూద్దాం. హార్డ్ డిస్కు సంగతి మాత్రం చివర్లో చెప్తా.

మొదటి చీలిక

ముందు పీసీ కార్డు. ఈ కాలం పిల్లలు చూసి ఉండరు. ఏటీఎం కార్డు పొడవూ వెడల్పుతో, కాస్త మందంగా ఉంటుంది. కచ్చితంగా చెప్పాలంటే 85.6 మిల్లీమీటర్ల పొడవు, 54 మిల్లీమీటర్ల వెడల్పు. ల్యాప్‌టాప్ పక్కన ఉన్న చీలికలోకి తోస్తే టక్కుమని కూర్చునేది. పక్కనున్న బొత్తాం నొక్కితే బయటికొచ్చేది.

దీని వెనకున్న సంఘం 1989లో ఏర్పడింది. పేరు పర్సనల్ కంప్యూటర్ మెమరీ కార్డ్ ఇంటర్నేషనల్ అసోసియేషన్, పొట్టిగా పీసీఎంసీఐఏ. ఆ పేరు పలకలేక జనం దాని మీద జోకులు కూడా వేసుకున్నారు, కంప్యూటరు వాళ్ళ పొట్టిపేర్లు మనుషులకి గుర్తుండవు అన్న అర్థం వచ్చేలా అవే అక్షరాలతో ఇంగ్లీషులో ఓ వాక్యం అల్లి. పేరులోనే ఉంది చూడండి, ఇది మొదట మెమరీ కోసం పుట్టింది. 1990లో వచ్చిన మొదటి ప్రమాణంలో మెమరీ కార్డులకే చోటుంది. 1991లో వచ్చిన రెండోదానిలో మోడెము, నెట్‌వర్కు లాంటి పరికరాలకి కూడా దారి తెరిచారు. మందాన్ని బట్టి మూడు రకాలుండేవి: 3.3, 5, 10.5 మిల్లీమీటర్లు. మూడో రకంలో బుల్లి హార్డ్ డిస్కు కూడా పట్టేది.

అంటే మొదట్లోనే ఒక విషయం తేలిపోయింది. ల్యాప్‌టాప్‌లో అన్నీ ముందే పెట్టి అమ్మలేరు. కాబట్టి ఒక చీలిక వదిలేస్తారు, మిగతాది మన ఇష్టం. నిజానికి మంచి ఏర్పాటే. పాడైతే కార్డు మార్చుకుంటాం, కొత్త టెక్నాలజీ వస్తే కొత్త కార్డు కొనుక్కుంటాం, ల్యాప్‌టాప్ మార్చక్కర్లేదు.

ఇంకో చీలిక తాళం కోసం. 3 మిల్లీమీటర్లకి 7 మిల్లీమీటర్లుండే ఆ బుల్లి రంధ్రం పేరు కెన్సింగ్‌టన్ స్లాట్. 1990ల మొదట్లో వచ్చింది. అందులో తాళం దూర్చి, దాని ఇనప తాడుని బల్ల కాలికి చుట్టేస్తాం, అచ్చం సైకిలుకి గొలుసు వేసినట్టు. ఈ పోలిక ఊరికే చెప్పట్లేదు. గుండ్రటి చెవి పట్టే ఈ రకం తాళాలు సైకిళ్ళకీ వాడేవాళ్ళు. 2004లో ఓ పేరున్న సైకిలు తాళాన్ని ఒక మామూలు బాల్‌పెన్ గొట్టంతో తెరిచి చూపిస్తే అమెరికాలో పెద్ద గోలైంది. ఆ దెబ్బతో ల్యాప్‌టాప్ తాళాల మీద కూడా అనుమానం మొదలైంది. అయినా మా ఆఫీసులో కొన్నాళ్ళు ఈ తాళం వెయ్యనివాళ్ళ డెస్కు మీద సెక్యూరిటీ అతను ఎర్ర చీటీ పెట్టి వెళ్ళేవాడు. ఇనుముని కాపాడుకుంటే డేటాని కాపాడుకున్నట్టే అనుకున్న కాలం అది. డేటాకి కాళ్ళు వేరే ఉంటాయని తర్వాత తెలిసింది.

అడిగితే చెప్తుంది, చెప్తే నమ్ముతుంది

డేటాకి ఆ కాళ్ళిచ్చింది యూఎస్‌బీ. 1996 జనవరిలో మొదటి ప్రమాణం వచ్చింది. ఇంటెల్‌లో దీని మీద పనిచేసిన బృందానికి ముందుండి నడిపించిన వాళ్ళలో అజయ్ భట్ మనవాడే, గుజరాత్ నుంచి వెళ్ళినాయన. 2013లో యూరోపియన్ ఇన్వెంటర్ అవార్డు కూడా ఇచ్చారు. అంతకుముందు ప్రింటర్‌కొక మొన, మౌస్‌కొక మొన, మోడెంకొక మొన. తగిలించాక కంప్యూటర్ ఆపి మళ్ళీ మొదలెట్టాలి. ఇవన్నీ ఒక్క రంధ్రంలోకి తేవడం చిన్న పని కాదు.

ఇది ఎలా కుదిరిందో కొంచెం చెప్పాలి, ఎందుకంటే మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది. యూఎస్‌బీలో ఏదైనా తగిలించగానే కంప్యూటర్ "నువ్వెవరు?" అని అడుగుతుంది. ఆ పరికరం "నేను కీబోర్డుని" అనో, "నేను డిస్కుని" అనో జవాబిస్తుంది. కంప్యూటర్ ఆ మాట నమ్మి దానికి తగ్గ డ్రైవరు తెచ్చి పెడుతుంది. అంతే. గుర్తింపు కార్డు చూపించమనే అలవాటు దానికి లేదు. ఇంటికొచ్చిన చుట్టం "నేను మీ పెదనాన్నగారి తోడల్లుడి కొడుకుని" అంటే నమ్మి కాళ్ళకి నీళ్ళిచ్చే పాతకాలం పల్లెటూరి పద్ధతి.

వేగం కూడా మొదట్లో అంతంతమాత్రం. తొలి యూఎస్‌బీ గరిష్ఠ వేగం సెకనుకి 12 మెగాబిట్లు. నా 160 జీబీ డిస్కుని ఆ వేగంతో నింపాలంటే కాగితం లెక్కలోనే దాదాపు 30 గంటలు. 2000 ఏప్రిల్లో వచ్చిన రెండో ప్రమాణం 480 మెగాబిట్లకి పెంచింది. అదే డిస్కు లెక్క ప్రకారం ముప్పావుగంటలో నిండుతుంది, నిజంగా నింపితే అంతకి రెండు మూడింతలు పట్టేది అనుకోండి. పెట్టెలో దొరికిన రెండు మొనల కేబులుకి కారణం మాత్రం వేగం కాదు, కరెంటు. యూఎస్‌బీ రెండో ప్రమాణంలో ఒక రంధ్రం 500 మిల్లీ ఆంపియర్లే ఇస్తానని మాటిస్తుంది. హార్డ్ డిస్కు తిరగడం మొదలెట్టే క్షణంలో కొన్నిటికి అది చాలదు. అందుకని రెండు రంధ్రాల్లోంచి కరెంటు లాగడానికి రెండు మొనలు. ఇంకో మొన పెట్టడం మర్చిపోతే డిస్కు టిక్కు టిక్కుమంటూ ఏడ్చేది.

ఇక పెన్ డ్రైవు. దాని లోపలుండే ఫ్లాష్ మెమరీ తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా పుణ్యం. 1984లో మొదటి రకాన్నీ, 1987లో ఇప్పుడు మనం వాడే నాండ్ రకాన్నీ ఆయన బృందం లోకానికి చూపించింది. కెమెరా ఫ్లాష్ వెలిగినట్టు మొత్తం ఒక్కసారే చెరిగిపోతుందని ఒక సహోద్యోగి ఆ పేరు పెట్టాడట. దాన్ని యూఎస్‌బీ మొనకి అతికించి జేబులో వేసుకునే వస్తువుగా చేసింది నేనంటే నేనని ఇజ్రాయెల్ వాళ్ళ ఎం-సిస్టమ్స్, సింగపూర్ వాళ్ళ ట్రెక్, చైనా వాళ్ళ నెటాక్ చాలాకాలం కొట్టుకున్నారు. ట్రెక్ వాళ్ళ థంబ్ డ్రైవు 2000లో వచ్చింది. ఎం-సిస్టమ్స్ చేసిన డిస్క్ఆన్‌కీని అదే ఏడు చివర్లో ఐబీఎం తన పేరుతో అమ్మింది. అందులో పట్టేది 8 ఎం.బి. నవ్వకండి. 1.44 ఎం.బి. ఫ్లాపీలు ఐదున్నర ఒకే జేబులో పట్టాయన్నమాట!

నా మొదటి పెన్ డ్రైవు సికింద్రాబాద్ సీటీసీలో బేరమాడి కొన్నా. మెళ్ళో తాడుకి వేసుకుని తిరిగిన రోజులున్నాయి, తాళిబొట్టులా. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది గానీ అప్పట్లో అదో హోదా.

జల్లెడలో ఇంటర్నెట్టు

ఇక నెట్ తోక. మన దేశంలో జనానికి ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ద్వారా వచ్చింది, ఫోను తీగ మీద. తీగ లేకుండా ల్యాప్‌టాప్‌లో నెట్ అంటే మాలాంటివాళ్ళకి మొదట అందింది సీడీఎంఏ ఫోన్ల వల్లే. ఫోన్‌ని కేబులుతో ల్యాప్‌టాప్‌కి కట్టి డయల్ చేసేవాళ్ళం. ఆ పద్ధతిలో గరిష్ఠ వేగం 153 కిలోబిట్లు. అన్నీ కలిసొస్తే ఒక ఎం.బి. ఫైలుకి దాదాపు నిమిషం. 2004లో ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించి, 256 కిలోబిట్లుంటేనే బ్రాడ్‌బ్యాండ్ అంది. ఆ లెక్కన మాది బ్రాడ్‌బ్యాండ్ కానే కాదు. ఆ గీత 2013లో 512 కిలోబిట్లకి, 2023లో 2 మెగాబిట్లకి పెరిగింది.

ఆ తర్వాత ఈవీడీవో వచ్చింది. గరిష్ఠంగా 3.1 మెగాబిట్లు, అంటే పాతదానికి 20 రెట్లు. టాటా ఫోటాన్ ప్లస్, రిలయన్స్ నెట్‌కనెక్ట్ ప్రకటనలు గుర్తున్నాయా? జీఎస్ఎం వైపు 3జీ కోసం ఇంకొంచెం ఆగాల్సొచ్చింది. 2008 డిసెంబరులో ఎంటీఎన్ఎల్ ఢిల్లీలో మొదలెట్టింది, 2009లో బీఎస్ఎన్ఎల్ అందుకుంది, ప్రైవేటు కంపెనీలకి స్పెక్ట్రం వేలం 2010లో జరిగింది.

ఈ డేటా కార్డులతో మేం పడ్డ పాట్లు రాస్తే ఓ గ్రంథమవుతుంది. తాడేపల్లిగూడెం దగ్గర మా ఊళ్ళో సిగ్నలు ఒక గీతే వచ్చేది. ఎవరో చెప్పారని యూఎస్‌బీ పొడిగింపు తీగ కొని, డేటా కార్డుని నాయనమ్మ స్టీలు పిండి జల్లెడ మధ్యలో నిలబెట్టి, కిటికీ ఊచలకి కట్టా. డిష్ యాంటెన్నా సూత్రమే, రెండు గీతలయ్యాయి! నాయనమ్మ మాత్రం "ఒరేయ్, దీంట్లోంచి ఏం రాలుతుందిరా?" అని అడిగింది. ఆఫీసు మెయిళ్ళు రాల్తాయని చెప్పా. జల్లెడ తిరిగిచ్చేదాకా ఆ పూట అరిసెల పిండి ఆగిపోయింది.

డేటా కార్డులో ఒక చిన్న తెలివి ఉంది. 2006లో వచ్చిన హువావే ఈ220 లాంటివి తగిలించగానే మోడెంగా కనబడేవి కావు. "నేను సీడీని" అని చెప్పేవి. ఎందుకంటే డ్రైవరు సాఫ్ట్‌వేరు ఇచ్చే సీడీ ఎక్కడో పారేసుకుంటాం కదా. అందుకని ఆ సాఫ్ట్‌వేరుని కార్డులోనే పెట్టి, సీడీ వేషం వేయించారు. అప్పట్లో విండోస్‌కి సీడీ కనబడగానే అందులో ఉన్న ప్రోగ్రాముని దానంతటదే నడిపించే అలవాటు ఉండేది. అలా సాఫ్ట్‌వేరు ఎక్కించేశాక వేషం విప్పి "ఇప్పుడు నేను మోడెంని" అనేది. లినక్సు వాడేవాళ్ళకి ఈ వేషం విప్పించడానికి యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అని వేరే ప్రోగ్రాం కావాల్సొచ్చింది. నేను ఓ ఆదివారమంతా దాంతోనే గడిపా.

అప్పుడు మెచ్చుకున్నా. ఎంత బావుంది, మామూలు మనిషి ఏ బొత్తామూ నొక్కక్కర్లేదు! కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. ఒక పరికరం తనది కాని పేరు చెప్పి, కంప్యూటర్ చేత అడక్కుండా ప్రోగ్రాం నడిపించింది. మంచి పనికి కాబట్టి తెలివి అన్నాం. ఇదే చెడ్డ పనికి చేస్తే ఏమంటాం?

అదే తలుపులోంచి దొంగలు

చేశారు. ఇంటర్నెట్ సెంటర్లో పెన్ డ్రైవు పెట్టి, ఇంటికొచ్చి తగిలిస్తే లోపల "న్యూ ఫోల్డర్" అని ఓ ఫోల్డరు ఉండేది. ఫోల్డర్ బొమ్మ వేసుకున్న ప్రోగ్రాం అది. దానికి తోడు ఆటోరన్ పేరుతో కనబడని ఫైలు ఒకటి. మీరు డ్రైవు మీద రెండుసార్లు నొక్కితే చాలు, వైరస్ ఎక్కేది. మన అసలు ఫోల్డర్లని దాచేసి, వాటి పేర్లతోనే తన నకళ్ళు పెట్టేది. అప్పట్లో మా కాలనీలో ఎవరింటికెళ్ళినా "బాబూ, నువ్వు సాఫ్ట్‌వేరు కదా, ఇది కాస్త చూడు" అని పెన్ డ్రైవు చేతిలో పెట్టేవారు. నల్లటి తెర తెరిచి ఆట్రిబ్ కమాండు కొట్టి, దాక్కున్న ఫోల్డర్లు బయటికి లాగితే కాఫీ దొరికేది.

మనకి ఇది కాఫీతో తేలిపోయింది గానీ పెద్దవాళ్ళకి అంత తేలిగ్గా తేలలేదు. 2008లో మధ్యప్రాచ్యంలోని ఓ అమెరికా సైనిక స్థావరంలో ఒక ల్యాప్‌టాప్‌కి ఎవరో ఫ్లాష్ డ్రైవు పెట్టారు. దాంట్లోంచి పాకిన పురుగు సెంట్రల్ కమాండ్ రహస్య నెట్‌వర్కులోకి కూడా దూరింది. శుభ్రం చెయ్యడానికి ఏడాదికి పైగా పట్టింది. ఆ నవంబరులో రక్షణ శాఖ పెన్ డ్రైవులే వాడొద్దని నిషేధించింది, 2010 ఫిబ్రవరిలో షరతులతో సడలించింది. ఈ సంగతులు రక్షణ శాఖ ఉపమంత్రి విలియం లిన్ 2010లో తనే రాసి బయటపెట్టారు. అదే 2010 జూన్‌లో బెలారస్‌లోని ఒక యాంటీవైరస్ కంపెనీకి స్టక్స్‌నెట్ దొరికింది. ఇరాన్ నతాంజ్ అణుకేంద్రంలో యంత్రాలని చెడగొట్టడానికి రాసిన పురుగు అది. బయటి నెట్‌తో సంబంధం లేని చోటికి కూడా యూఎస్‌బీ డ్రైవుల మీద ప్రయాణం చెయ్యగలిగేలా తయారుచేశారు.

మైక్రోసాఫ్ట్ విండోస్ 7లో ఈ ఆటోరన్ అలవాటుని పెన్ డ్రైవులకి మాన్పించింది. 2011 ఫిబ్రవరిలో పాత ఎక్స్‌పీ, విస్టాలకి కూడా ఆ సవరణ పంపింది. సీడీలకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. సీడీ వేషం వేసేవాటికి ఆ దారి అలాగే మిగిలింది. 2014 ఆగస్టులో కార్స్‌టెన్ నోల్, యాకోబ్ లెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో అడుగు ముందుకెళ్ళారు. పెన్ డ్రైవు లోపలి చిప్పులో ఉండే ప్రోగ్రాముని మార్చేసి, "నేను కీబోర్డుని" అని చెప్పించి, దాని చేత ఆదేశాలు టైపు చేయించారు. డ్రైవు మొత్తం చెరిపేసినా ఇది పోదు, యాంటీవైరస్‌కి కనబడదు. 1996లో పెట్టుకున్న "చెప్తే నమ్ముతా" అనే మర్యాదకి ఇది బిల్లు.

జనం మారారా అంటే అదీ లేదు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఆవరణలో పరిశోధకులు 297 పెన్ డ్రైవులు కావాలని పడేసి చూశారు. 2016లో ఫలితాలు బయటపెట్టారు. కనీసం 45 శాతం డ్రైవుల్ని దొరికినవాళ్ళు కంప్యూటర్‌కి తగిలించి లోపల ఫైళ్ళు తెరిచారు. నేనైనా తెరిచేవాణ్ణే లెండి, ఎవరిదో కనుక్కుని ఇచ్చేద్దామనైనా.

పోయినవి, తాళాలు వేసినవి

ఇవన్నీ లోపలికి వచ్చేవాటి గొడవలు. బయటికి పోయేవాటిది ఇంకో గొడవ.

2006 మే నెలలో అమెరికాలో మాజీ సైనికుల శాఖ ఉద్యోగి ఒకాయన ఇంట్లో దొంగలు పడి ల్యాప్‌టాపు, దాంతోపాటు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు ఎత్తుకుపోయారు. అందులో 2 కోట్ల 65 లక్షల మంది వివరాలున్నాయి. జూన్ చివర్లో దొరికాయి, ఎవరూ డేటా ముట్టుకోలేదని ఎఫ్‌బీఐ తేల్చింది. అయినా 2009లో 2 కోట్ల డాలర్లకి రాజీ పడాల్సొచ్చింది. 2008 ఆగస్టులో బ్రిటన్‌లో హోం శాఖకి పనిచేసే ఒక కన్సల్టింగ్ సంస్థ 84,000 మంది ఖైదీల వివరాలున్న మెమరీ స్టిక్కు పోగొట్టుకుంది. తాళం వెయ్యలేదు. కాంట్రాక్టు పోయింది. ఇనప తాడు ఇక్కడ ఏం చెయ్యగలదు?

దాంతో అందరూ ఎన్‌క్రిప్షన్ జపం మొదలెట్టారు. వస్తువు పోయినా లోపలిది చదవలేకుండా చెయ్యడం. 2007లో విస్టాతోపాటు బిట్‌లాకర్ వచ్చింది, 2009లో విండోస్ 7తో పెన్ డ్రైవులకి కూడా వచ్చింది. మాలాంటివాళ్ళకి 2004 నుంచీ ఉచితంగా దొరికిన ట్రూక్రిప్ట్ ఉండేది. ప్రత్యేకంగా భద్రత కోసమే చేసిన పెన్ డ్రైవులు కూడా అమ్మారు. వాటిలో కొన్నిటి బండారం 2010 జనవరిలో బయటపడింది. పాస్‌వర్డు సరైందో కాదో చూసే పని డ్రైవు చెయ్యట్లేదు, కంప్యూటర్లో నడిచే ప్రోగ్రాం చేస్తోంది. సరైందైతే "తెరువు" అనే సందేశం పంపుతుంది. ఆ సందేశం ఎప్పుడూ ఒకటే! జర్మనీ వాళ్ళ సిస్ అనే సంస్థ ఇది కనిపెట్టింది. అమెరికా ప్రభుత్వ ప్రమాణ పత్రం ఉన్న డ్రైవులవి. తాళం గట్టిదే, చెవి గుమ్మానికే వేలాడుతోంది.

ట్రూక్రిప్ట్‌కి అలాంటి లోపం లేదు. బ్రెజిల్లో 2008లో ఒక బ్యాంకరు దగ్గర పట్టుకున్న హార్డ్ డిస్కులని అక్కడి నిపుణులు ఐదు నెలలు, ఆ తర్వాత ఎఫ్‌బీఐ వాళ్ళు ఏడాది ప్రయత్నించి తెరవలేక తిరిగిచ్చేశారు. ఆ వార్త చదివి 2010లో నేను తెగ సంబరపడ్డా. ఎందుకంటే నా 160 జీబీ డిస్కుకి వేసింది ఆ తాళమే.

నా డిస్కు

2008 సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు నాయనమ్మ చేత మాట్లాడించి రికార్డు చేశా. పెళ్ళయ్యాక కాలవ మీద పడవలో అత్తారింటికి రావడం, తాతయ్య జైలుకెళ్ళిన కథ, పెళ్ళిపాటలు, వంటలు, చుట్టాల తగువులు. నాలుగు రోజుల్లో 11 గంటలైంది. "ఏరా, నా మాటలన్నీ ఇందులో పడతాయా?" అని డిస్కు చేతిలో పెట్టుకుని అడిగింది. ఇంకా వెయ్యిమంది నాయనమ్మలు పడతారని చెప్పా.

మొత్తం 300 ఎం.బి. పైచిలుకు. నెట్‌లో ఎక్కడైనా పెట్టుకుందామంటే, ఆ జల్లెడ సిగ్నలుతో జరిగే పని కాదు. డిస్కులో ఒక్క కాపీ ఉండిపోయింది. 2009లో మా టీములో ఒకతని ల్యాప్‌టాపు బస్సులో పోయింది. వాళ్ళింటి ఫోటోలు, బ్యాంకు కాగితాలు అన్నీ అందులోనే. నాకు భయం పట్టుకుని, ఆ వారమే డిస్కు మొత్తానికి ట్రూక్రిప్ట్ వేసేశా. పాస్‌వర్డు ఒక్కటే అయితే ఎవరైనా ఊహిస్తారేమోనని కీఫైల్ కూడా పెట్టా. అంటే పాస్‌వర్డుతోపాటు మీరు ఎంచుకున్న ఏదో ఒక ఫైలు కూడా తాళంచెవిలో భాగమవుతుంది. నేను ఎంచుకున్నది ఒక ఎంపీ3 పాట. వందల పాటల మధ్య ఏ పాటో ఎవడికి తెలుస్తుంది? ఎంత తెలివో చూడండి.

2011లో నాయనమ్మ పోయింది. రెండేళ్ళ తర్వాత ఏడూడికి అందరికీ వినిపిద్దామని డిస్కు తెరవబోతే తెరుచుకోలేదు. పాస్‌వర్డు తప్పు కాదు, ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెప్తా. ఆ పాట కూడా ఉంది, చక్కగా పాడుతోంది. మరేంటి? రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుంటే తెలిసింది. ట్రూక్రిప్ట్ కీఫైల్లో మొదటి ఒక ఎం.బి.ని లెక్కలోకి తీసుకుంటుంది. ఎంపీ3లో పాట పేరు, సినిమా పేరు, అట్ట బొమ్మ ఉండేది సరిగ్గా ఫైలు మొదట్లో. మధ్యలో ఎప్పుడో నా మ్యూజిక్ ప్లేయరు నాకు మేలు చేద్దామనుకుని, నెట్ నుంచి సినిమా పోస్టరు తెచ్చి ఆ పాటలో అతికించింది. పాట మారలేదు, తాళంచెవి మారిపోయింది. ఒక్క బిట్టు తేడా వచ్చినా అది వేరే చెవి. పోస్టరు పీకి చూశా. అదే పాట వేరే చోట్ల నుంచి తెచ్చి చూశా. మొదట ఉన్న ఫైలు ఎక్కడా దొరకలేదు. ఎంపీ3లు కీఫైలుగా వాడితే జాగ్రత్త అని ట్రూక్రిప్ట్ వాళ్ళ పుస్తకంలో రాసే ఉంది. నేను చదవలేదు.

ట్రూక్రిప్ట్‌ని 2014 మేలో రాసినవాళ్ళే ఆపేశారు. దాని వారసుడు వెరాక్రిప్ట్ పాత డిస్కులని తెరిచే సదుపాయాన్ని 2023లో వచ్చిన 1.26 వెర్షన్ నుంచి తీసేసింది. నేను పాత వెర్షను ఒకటి దాచి ఉంచా. ఎందుకో అడక్కండి.

మరి ఏమీ మిగల్లేదా అంటే, ఏడు నిమిషాలు మిగిలింది. రికార్డు చేసిన ఏడాదే, పడవ కథ ఒక్కటీ మా బాబాయి అడిగితే 1 జీబీ పెన్ డ్రైవులో వేసిచ్చా. అది ఆయన టేబులు సొరుగులో పడుంది. తాళం లేదు, మూత లేదు, పైగా ఎక్కడో ఇంటర్నెట్ సెంటర్లో వైరస్ కూడా ఎక్కింది. తగిలిస్తే ఫోల్డర్ బొమ్మలు వేసుకున్న నకళ్ళు కనబడ్డాయి. పాత అలవాటు కొద్దీ ఆట్రిబ్ కొట్టా. దాక్కున్న ఫోల్డర్లోంచి నాయనమ్మ బయటికొచ్చింది. బాబాయి పక్కనే కూర్చుని విని, "ఒరేయ్, మిగతాది కూడా పెట్టరా" అన్నాడు. ఏం చెప్పను?

తోకలు ఊడాక

ఆ తర్వాత తోకలన్నీ ఒక్కోటీ ఊడిపోయాయి. 2010లో ఆండ్రాయిడ్ 2.2తో, 2011లో ఐఫోన్లో హాట్‌స్పాట్ రావడంతో డేటా కార్డు పని ఫోనుకెళ్ళింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక అడిగేవాడే లేడు. 2019 జూలైలో టాటా మొబైల్ వ్యాపారం ఎయిర్‌టెల్‌లో కలిసిపోయింది. నా ఫోటాన్ కార్డు ఏ నెట్‌వర్కుకీ పనికిరాని ప్లాస్టిక్ ముక్కయింది. పీసీ కార్డు చీలిక ఎప్పుడో పోయింది. ల్యాప్‌టాపులు సన్నబడి చాలావాటిలో తాళం రంధ్రానికి కూడా చోటు లేకుండా పోయింది. ఫైళ్ళు క్లౌడుకెళ్ళాయి.

కానీ మొదట చెప్పిన మూడు లోట్లూ ఎక్కడికీ పోలేదు, చేతులు మారాయంతే. అప్పుడు తోక నా చేతిలో ఉండేది, తప్పు చేస్తే నాదే తప్పు. ఇప్పుడు చోటు ఇంకొకళ్ళది, తాళం ఇంకొకళ్ళది. వాళ్ళు నాకంటే బాగానే కాపాడతారు, అది ఒప్పుకోవాల్సిందే. నా 11 గంటలూ అప్పుడే క్లౌడులో ఉండుంటే బతికేవి. కానీ ఎకౌంటు మూసేస్తామంటే, నెలవారీ రేటు పెంచుతామంటే నేను చెయ్యగలిగేది పెద్దగా ఉండదు.

అందుకని ఇప్పుడు నేను చేస్తున్నది చెప్తా. ముఖ్యమైనవి మూడు చోట్ల పెడుతున్నా: ల్యాప్‌టాపులో, ఇంట్లో ఒక డిస్కులో, క్లౌడులో. బ్యాంకు కాగితాలకి ఎన్‌క్రిప్షన్ వేస్తున్నా, పాస్‌వర్డు కాగితం మీద రాసి బీరువాలో మా ఆవిడకి తెలిసిన చోట పెట్టా. నాయనమ్మ గొంతు లాంటివాటికి అసలు తాళమే వెయ్యట్లేదు. చుట్టాలందరికీ పంచుతున్నా. దొంగ ఎత్తుకుపోతే పోనీండి, వాడు కూడా వింటాడు. మొన్న ఏడు నిమిషాల ఫైలుని మా కుటుంబం గ్రూపులో పెట్టా, ఇప్పుడది ముప్ఫై ఫోన్లలో ఉంది.

అసలు సంగతికొస్తే, డేటా భద్రత అంటే దొంగల నుంచి కాపాడుకోవడమే అని ఇన్నాళ్ళూ మాకు ఉద్యోగాల్లో నేర్పారు. పోకుండా చూసుకోవడం కూడా అందులో సగమని ఆ డిస్కు నేర్పింది. మీ దగ్గర కూడా ఏదో ఒక తోకలో ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని ఒకసారి తగిలించి చూడండి. తెరుచుకుంటే వెంటనే ఇంకో కాపీ తియ్యండి. పెన్ డ్రైవులో ఛార్జి, హార్డ్ డిస్కులో మోటారు, రెండూ మన తీరిక కోసం ఆగవు.

అట్టపెట్టె సంగతంటారా? డేటా కార్డులు, తాళం, కేబుళ్ళు ఈ-వేస్ట్ వాళ్ళకిచ్చేశా. డిస్కు మాత్రం కొత్తింటికి తెచ్చా. మా ఆవిడ పెట్టె మీద "పారెయ్యచ్చా?" కొట్టేసి, పక్కన "నాయనమ్మ" అని రాసింది.